సువార్తమ్మ బదులు

"జబ్బుపడ్డవాళ్ళకి ఉపవాసం లేదమ్మా. డాక్టరు చెప్పినట్టు గుడ్లూ పాలూ తీసుకో. నీ మనసు దేవుడికి తెలుసు" అని చెప్పి, ప్రార్థన ముగించి పాస్టరుగారు బండెక్కి వెళ్ళిపోయారు. ఆయన ఉన్నంతసేపూ "సరేనండి, సరేనండి" అంటూ తలూపిన సువార్తమ్మ, బండి చప్పుడు సందు మలుపు తిరగ్గానే ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఆయన్ని సాగనంపి లోపలికొచ్చిన ప్రేమదాసు మంచం దగ్గర నిలబడిపోయాడు. భార్య భుజం వణుకుతోంది.

"నొప్పిగా ఉందా? మాత్ర ఇవ్వనా?"

"నొప్పి కాదు."

"మరి?"

"రేపు భస్మ బుధవారం."

చెప్పక్కర్లేకుండానే ప్రేమదాసుకి అర్థమైంది. పర్చూరు పక్కన ఆ ఊళ్ళో ఈస్టరు ముందు వచ్చే నలభై శ్రమదినాలూ పాటించే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. కొందరు నీచు మానేస్తారు, కొందరు శుక్రవారాలు మాత్రం ఒంటిపూట ఉంటారు. సువార్తమ్మ పట్టు వేరు. మాంసం, చేప, ఎండుచేప, గుడ్డు ముట్టదు సరే, పాలూ పెరుగూ మజ్జిగా నెయ్యీ కూడా ముట్టదు. గొడ్డూ గోదా, కోడీ చేపా, వేటినుంచి వచ్చిందైనా సరే, ఆ నలభై రోజులూ ఆమె నోటికి పోదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన మరుసటేడు మొదలుపెట్టింది. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క ఏడు తప్పలేదు.

ఈ ఏడు జనవరి చివర్లో మిరపకోతకి వెళ్ళి వస్తూ, ఆటో దిగేటప్పుడు కాలు మడతపడింది. మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది. గుంటూరు తీసుకెళితే ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు. ఒంట్లో రక్తం లేదని, రోజూ రెండు గుడ్లూ అరలీటరు పాలూ, వారానికి మూడుసార్లు బొమికల సూపూ పడాల్సిందేనని డాక్టరమ్మ, సువార్తమ్మ కూతురు కెజియాకి కాగితం మీద రాసి మరీ ఇచ్చింది. కెజియా పొదిలి నుంచి వచ్చి రెండు వారాలుండి, అన్నీ అమర్చి, ఆదివారమే వెళ్ళింది.

ప్రేమదాసు ట్రాక్టరు డ్రైవరు. యాభై ఏడేళ్ళ మనిషి. గట్టిగా మాట్లాడతాడు, గట్టిగా తింటాడు. భార్య ఏడుస్తుంటే ఏం చెయ్యాలో ఈ వయసుకీ తెలీదు. ఏదో ఒకటి చెయ్యాలని మాత్రం అనిపిస్తుంది. ఆ తొందరలోనే నోరు జారాడు.

"పోన్లేవే. ఈ ఏడు నీ బదులు నేనుంటా."

సువార్తమ్మ మెల్లగా ఇటు తిరిగింది. కళ్ళల్లో నీళ్ళు అలాగే ఉన్నాయి గాని పెదాలు అదురుతున్నాయి. తర్వాత పకపకా నవ్వేసింది. ఆపరేషను అయ్యాక ఆమె నవ్వడం అదే మొదలు.

"నువ్వా? ఎండుచేప ముక్క లేందే పప్పు దిగని మనిషివి!"

"ఏం, నేనుండలేనా? ఏమేం మానెయ్యాలో చెప్పు."

"నీచు లేదు."

"అది తెలుసు."

"గుడ్డు లేదు."

"సరే."

"పెరుగు లేదు."

ప్రేమదాసు మెడ గోక్కున్నాడు. "మజ్జిగ?"

"మజ్జిగ దేంతో చేస్తారయ్యా?"

"పోనీ, టీ?"

"పాలు పోసుకోకుండా తాగు."

"దాన్ని టీ అంటారటే?"

"అనరు. ఉపవాసం అంటారు" అంది సువార్తమ్మ, చీరచెంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె నవ్విందన్న సంతోషంలో అతను వెనక్కి తగ్గే మాటే మర్చిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక అట్నుంచి అటే సెంటర్లో లాల్ అహ్మద్ మటన్ కొట్టుకి వెళ్ళాడు. ఇద్దరూ ఐదో తరగతి దాకా ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఇప్పటికీ ఒకళ్ళనొకళ్ళు ఒరేయ్ అనే పిలుచుకుంటారు.

"బొమికలు కొట్టరా. సూపుకి."

"మా చెల్లెమ్మకేగా? కూర్చో, మంచి నల్లి బొమికలు ఏరిస్తా. నీకో అరకిలో కొట్టనా?"

"నాకొద్దు."

లాల్ అహ్మద్ ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉంది. "జొరమా?"

"ఉపవాసం."

"ఎవరు?"

"నేనేరా. మీ చెల్లెమ్మ బదులు. నలభై రోజులు. పాలు కూడా లేవు."

లాల్ అహ్మద్ కత్తి కింద పెట్టి, మొద్దు మీద రెండు చేతులూ ఆనించి, పగలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక కండువాతో మొహం తుడుచుకుని, "ఈసారి బాగా కుదిరిందిరా. సాయంత్రం నెలవంక కనపడితే రేపట్నుంచి మాకూ రంజాన్ రోజాలు" అన్నాడు.

"నీకేంరా, నీదే నయం. పొద్దుగూకితే బిర్యానీ తింటావు."

"నీదే నయం. దప్పికైతే నీళ్ళు తాగుతావు. ఎండ చూశావా, ఇప్పుడే ఎట్టా ఉందో?"

ఎవరిది కష్టమో తేలకుండానే బొమికలు పొట్లం అయ్యాయి. లాల్ అహ్మద్ సూపు ఎలా కాచాలో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. పసుపు నీళ్ళతో కడగాలి, అల్లం వెల్లుల్లి దంచి వెయ్యాలి, కుక్కరు ఎనిమిది కూతలు కుయ్యాలి, మిరియాలూ ఉప్పూ చివర్లో వెయ్యాలి. ప్రేమదాసు ఇంటిదాకా ఆ మాటలే వల్లె వేసుకుంటూ నడిచాడు.

అతను పొయ్యి ముందు నిలబడి ఒక్కడే వండటం అదే మొదటిసారి. నాలుగో కూతకే ఇల్లంతా వాసన పట్టింది. పొద్దుట్నుంచీ కడుపులో ఉన్నదల్లా పచ్చడి మెతుకులూ, నల్లటి టీ నీళ్ళూ. గుటకలు మింగుతూ ఎనిమిది కూతలూ లెక్కపెట్టాడు. మూత తీసి, మిరియాల పొడి చల్లి, ఉప్పు వేసి కలిపాడు. గరిటెతో కాస్త అరచేతిలో పోసుకుని నాకాడు. వాళ్ళమ్మ అలాగే చూసేది. ఉప్పు చాలలేదు. ఇంకొంచెం వేసి మళ్ళీ నాకాడు. బ్రహ్మాండంగా ఉంది. తను ఇంత బాగా వండగలడని ఇన్నాళ్ళూ తెలీదే అనుకుంటూ మూడోసారి గరిటె ముంచాడు. అప్పుడు గుర్తొచ్చింది.

గరిటె వదిలేసి పెరట్లోకి పరిగెత్తి నోరు పుక్కిలించాడు. తిరిగొచ్చి పొయ్యి దగ్గర గోడకి ఆనుకుని చతికిలబడ్డాడు. టైము పన్నెండున్నర. పూట కూడా గడవలేదు.

చెప్పకుండా ఊరుకుందామా అనుకున్నాడు. ఎవరు చూశారు గనక? గ్లాసులో సూపు పోసి తీసుకెళ్ళి ఆమెకిచ్చి, పక్కన కూర్చుని, ఆమె రెండు గుక్కలు తాగేదాకా ఓర్చుకున్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"సువార్తా. పోయింది."

"ఏంది పోయేది?"

"ఉపవాసం. ఉప్పు చూశా. ఒక్కసారి కాదు, రెండుసార్లు."

సువార్తమ్మకి పొరబోయింది. గ్లాసు అతని చేతికిచ్చి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని దగ్గుతూ, నవ్వుతూ, మళ్ళీ దగ్గింది. "నవ్వించకయ్యా, కాలు లాగుతోంది."

"నీకు నవ్వుగా ఉంది. వంట చేసేవాళ్ళు ఉప్పు చూడకుండా ఎట్టా వండుతారే? నువ్వు ఎట్టా..."

ముప్పై ఒక్కేళ్ళుగా ఈ నలభై రోజుల్లోనూ ఆ ఇంట్లో మాంసం ఉడుకుతూనే ఉంది. చేపల పులుసు కాగుతూనే ఉంది. అవన్నీ అతని కోసమే. వండింది సువార్తమ్మ.

"నువ్వు చూసేదానివి కాదు కదూ?" అన్నాడు మెల్లగా.

"చూస్తే ఇంకేం ఉపవాసం? చేతి అంచనానే. ఒక్కోసారి కుదిరేది, ఒక్కోసారి కుదిరేది కాదు."

కుదరని రోజులు ప్రేమదాసుకి బాగా గుర్తున్నాయి. ఎండాకాలం మొదలయ్యేసరికి దీని చేతికి ఏమవుతుందో, ఉప్పు తెలీదు, కారం తెలీదు అని ఏటా విసుక్కునేవాడు. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం లాల్ అహ్మద్‌నీ, అతని భార్య నసీమున్నీసానీ భోజనానికి పిలిచాడు. కూరలో ఉప్పు ఎక్కువైంది. వాళ్ళ ఎదురుగానే కంచం ముందుకి తోసి, "పాతికేళ్ళ నుంచీ వండుతున్నావు, ఇంకా ఉప్పు అంచనా రాలేదా నీకు?" అన్నాడు. లాల్ అహ్మద్ తలవంచుకుని కూర మొత్తం తిన్నాడు. సువార్తమ్మ తోసేసిన కంచం తీసి పక్కన పెట్టింది. ఆ రోజు ఆమె ఏం తిన్నదో, అసలు తిన్నదో లేదో అతను చూడలేదు.

"ఎందుకు చెప్పలేదే?"

"ఏం చెప్పాలి?"

"రుచి చూడలేదు కాబట్టి ఉప్పు తెలీలేదని."

"చెబితే ఏం చేసేవాడివి? చూడమనేవాడివి. లేకపోతే నీచు తేవడం మానేసేవాడివి. ఎండనపడి ట్రాక్టరు తోలి వచ్చే మనిషివి, తినొద్దా? ఉపవాసం నాది. దానికి నీ కంచం ఖాళీ చేసేది ఏముంది?"

ప్రేమదాసు గ్లాసు పట్టుకుని నేల చూస్తూ కూర్చున్నాడు. ఆ మొహం చూడలేక సువార్తమ్మే ముందు కదిలింది.

"సర్లే, ఉప్పు డబ్బా ఇట్టా పట్రా."

తెచ్చాడు. అతని చెయ్యి చాపమని, గరుకైన ఆ అరచేతి మధ్యలో చిటికెడు చిటికెడుగా ఉప్పు పోసింది. "ఇదిగో, ఈ గీత దాకా వస్తే అరకిలోకి సరిపోద్ది. నా చేతికైతే ఈ వేలు దాకా. నీది పెద్ద చెయ్యి. గుర్తుపెట్టుకో."

"మరి ఇయ్యాల సంగతి? మొదటిరోజే పోయినట్టేనా?"

"మొదట్లో ఒక ఏడు నేను ఏడుసార్లు మర్చిపోయా. పిల్లకి కలిపిన పెరుగన్నం ముద్ద చేతికి అంటితే నాకేసేదాన్ని."

"అప్పుడేం చేశావు?"

"నోరు కడుక్కుని మళ్ళీ మొదలెట్టా."

అలా అతని ఉపవాసం బుధవారం మధ్యాహ్నం రెండోసారి మొదలైంది.

ఆ తర్వాతి రోజులు తేలిగ్గా గడవలేదు. కల్లాల్లో ఎండిన మిరపకాయలు గోనె టిక్కీలకెత్తి కోల్డ్ స్టోరేజీకి తోలే రోజులవి. ట్రాక్టరు మీద కూర్చుంటే ఘాటుకి ముక్కూ కళ్ళూ మండుతుంటాయి. ఇంటికొచ్చి ఇంత పెరుగు పోసుకుని తింటే గాని ఆ మంట చల్లారేది కాదు. ఇప్పుడు అదీ లేదు. రెండోరోజు గేదె కనపడితే తల తిప్పుకున్నాడు. మూడోరోజు హోటలు దగ్గర బండి ఆపి, ఆమ్లెట్టు వాసన కొడితే దిగకుండానే మళ్ళీ స్టార్టు చేశాడు. నాలుగోరోజు ఇంట్లో కంచం పెట్టుకుంటూ, "ఈ పచ్చడి మెతుకులతో నలభై రోజులంటే చచ్చూరుకుంటా" అని గట్టిగానే అన్నాడు.

"ఎవరు తినమన్నారు పచ్చడి మెతుకులు?" అంది సువార్తమ్మ మంచం మీంచి. "నేను ముప్పై ఏళ్ళు అవే తిన్నాననుకుంటున్నావా? ఆ నువ్వుల డబ్బా అందుకో."

ఆ పూట నుంచీ ఆమె మంచం మీద కూర్చుని చెప్పడం, అతను పొయ్యి దగ్గర నిలబడి చెయ్యడం. నువ్వులు దోరగా వేయించి, నూరి, పులుసులో కలిపించింది. పచ్చి చింతకాయ తొక్కులో ఇంగువ పోపు పెట్టించింది. గోంగూర ఉడికించి, పండుమిరపకాయలతో నూరి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లి, వేడన్నంలో నువ్వులనూనె పోసుకోమంది. ప్రేమదాసు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆమె వంక చూశాడు.

"ఇన్నేళ్ళూ ఇది నువ్వొక్కదానివే తిన్నావా?"

"నువ్వు అడగలేదుగా. 'నీ పత్యం కూడు నువ్వే తిను' అనేవాడివి."

"నువ్వైనా కాస్త నా నోట్లో పెట్టొద్దా?"

"పెడితే నాకు మిగిలేదా?"

అతను మూడోసారి అన్నం పెట్టుకున్నాడు. ఆమె పక్కనే గుడ్డు వలుచుకుని, దాన్ని నాలుగు ముక్కలు చేసి, మందు మింగినట్టు ఒక్కొక్కటే మింగింది. ఆమెకీ ఆ రోజులు తేలిగ్గా లేవని ప్రేమదాసుకి అప్పుడే తెలిసింది. గుడ్డు ముక్క గొంతులోకి దిగే ముందు ఆమె కళ్ళు మూసుకునేది. అప్పట్నుంచీ ఆమె గుడ్డు తినేటప్పుడు అతను ఎక్కడున్నా వచ్చి ఎదురుగా కూర్చునేవాడు.

రెండో శుక్రవారం గృహకూడిక వాళ్ళింట్లోనే పెట్టారు. సువార్తమ్మ చర్చికి రాలేదు కాబట్టి చర్చే ఆమె దగ్గరికి వస్తుందన్నారు పాస్టరుగారు. సాయంత్రం ఐదింటికి పాతికమంది ఆడవాళ్ళు, పదిమంది మగవాళ్ళు వాకిట్లో పట్టాల మీద కూర్చున్నారు. సువార్తమ్మ మంచాన్ని గుమ్మం దగ్గరికి జరిపారు. పాటలయ్యాయి. వాక్యం చెబుతూ చెబుతూ పాస్టరుగారు ప్రేమదాసు వైపు తిరిగారు.

"భార్య మంచాన పడితే, ఆమె ఉపవాసం తన మీద వేసుకున్నాడు మన ప్రేమదాసు. పాలూ పెరుగూ కూడా మానేశాడు. వంట చేసి పెడుతున్నాడు. ఇలాంటి భర్త ఎంతమందికి దొరుకుతాడమ్మా?"

ఆడవాళ్ళంతా స్తోత్రం అన్నారు. వెనకనుంచి ఎవరో, "అదృష్టవంతురాలివి సువార్తమ్మా" అన్నారు. సువార్తమ్మ నవ్వుతూ తలూపింది. ప్రేమదాసుకి మాత్రం ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టయింది. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే బయటికి జారుకునే మనిషి, తనంతట తను లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, నేనో మాట చెప్పాలండి."

అందరూ తలలు తిప్పారు.

"నేనున్నది పది రోజులండి. అందులో మొదటిరోజే తప్పాను. ఈ పది రోజులకే మీరంతా నన్ను మెచ్చుకుంటున్నారు. ఆమె ముప్పై ఒక్కేళ్ళుంది. ఎవరైనా ఒక్కసారి మెచ్చుకున్నారా? నేను మెచ్చుకోలేదు. తను తినకుండా నాకు మాంసం వండిపెట్టింది. ఉప్పు చూడలేదు కాబట్టి ఒకసారి ఎక్కువైంది, ఒకసారి తక్కువైంది. నేను ఏం చేశానో తెలుసాండి? పదిమందిలో కంచం తోసేశాను. ఎందుకు ఎక్కువైందో తను చెప్పలేదు. నేను అడగలేదు." వెనక కూర్చున్న ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "అదృష్టవంతురాలు ఆమె కాదమ్మా, నేను. అంతే నేను చెప్పేది."

కూర్చున్నాడు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. సువార్తమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. ప్రార్థన అయ్యాక కూడా తియ్యలేదు.

జనం వెళ్ళాక ప్రేమదాసు పట్టాలు దులిపి మడతపెడుతుంటే ఆమె పిలిచింది.

"ఇట్టా రా. ఇంటి గుట్టంతా ఊరి ముందు చెప్పావు."

"తప్పా?"

"తప్పు కాదు గాని..." ఆమె కొంగు తీసింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, పెదాల మీద మాత్రం ఏదో దాచుకున్న నవ్వు. "నువ్వంత మాట అన్నాక నాకు భయమేస్తోంది. నేనీ ఉపవాసం ఎట్టా మొదలెట్టానో నీకు తెలుసా?"

"ఎట్టా?"

"కెజియా కడుపులో ఉంది. మూడోనెల. మీ అమ్మ పొద్దున్నే నీచు కడిగేది. ఆ వాసనకి పేగులు బయటికి వచ్చేవి. తినకపోతే కొత్తకోడలికి వేషాలెక్కువ అంటది. అప్పుడే శ్రమదినాలొచ్చాయి. మీ అమ్మకి దేవుడంటే హడలు కదా? ఉపవాసమున్నానత్తా అన్నా. నోరెత్తలేదు."

ప్రేమదాసు పట్టా చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మరి పాలూ పెరుగూ?"

"అవీ పళ్ళేదు. కాచిన పాల వాసనొస్తే కళ్ళు తిరిగేవి. అందుకని అవి కూడా కలిపేశా."

అతను మంచం పట్టెమీద కూలబడి, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. "ఓసి నీ... నేను పాస్టరుగారి ముందు, అంతమంది ముందు..."

"మొదటేడే అబద్ధం" అంది ఆమె కంగారుగా, అతని చెయ్యి పట్టుకుని. "మరుసటేడు కెజియా పొత్తిళ్ళలో ఉంది. నాకే వికారమూ లేదు. అయినా ఆ రోజులు రాగానే తినబుద్ధి కాలేదు. కాసేపు ప్రార్థనలో కూర్చుంటే ఒంట్లో బరువంతా దిగిపోయినట్టు ఉండేది. ఈ ఇంట్లో ఏం వండాలన్నా, ఎటు వెళ్ళాలన్నా మీ అమ్మ మాటే, తర్వాత నీ మాటే. ఆ నలభై రోజులు మాత్రం నా నోరు నా చేతిలో ఉండేది. దేవుడికీ నాకూ మధ్య ఇంకొకళ్ళు లేరు."

ప్రేమదాసు నవ్వు ఆగింది. "మరి నేను మధ్యలో దూరి అది లాగేసుకున్నానా?"

సువార్తమ్మ ఆలోచించింది. నిజం చెప్పే ముందు ఆమె ఎప్పుడూ అలా ఆగుతుంది.

"మొదటి రెండురోజులూ అట్టాగే అనిపించింది. తర్వాత లేదు. నువ్వు మోస్తుంటే చూడ్డం బాగానే ఉంది. కాలు బాగయ్యాక నాది నాకిచ్చెయ్."

"సగమే ఇస్తా."

"బేరమాడుతున్నావా?"

"ఆడతా. సగం నాది. వచ్చే ఏడు ఇద్దరం ఉందాం. అప్పుడు ఎవరూ ఉప్పు చూడకుండా ఎవరి కంచంలోకీ వండక్కర్లేదు."

ఆమె అతని చొక్కా మీద పట్టా దుమ్ము పడితే చేత్తో దులిపింది.

ఆ మధ్యలో ప్రేమదాసు ఇంకో రెండుసార్లు తప్పాడు. ఒకసారి మరుపుతో, ఒకసారి తెలిసే. తెలిసి తప్పిన రోజు ఆమెకి చెప్పడానికి సాయంత్రం దాకా పట్టింది. రంజాన్ పండగనాడు నసీమున్నీసా వాళ్ళిద్దరికీ రెండు గిన్నెలు తెచ్చింది. సువార్తమ్మకి పాలసేమియా. ప్రేమదాసుకి నీళ్ళలో ఉడికించి, బెల్లమూ జీడిపప్పూ వేసిన సేమియా. అతని ఉపవాసం సంగతి లాల్ అహ్మద్ ఇంట్లో చెప్పి ఉండకపోతే ఆ రెండో గిన్నె వచ్చేది కాదు. ఏప్రిల్లో ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ ఎముక అతుక్కుందని చెప్పింది. ఈస్టరు పొద్దున సువార్తమ్మ వాకరు పట్టుకుని, ఆగి ఆగి, చర్చి మెట్లదాకా తన కాళ్ళతో తనే నడిచింది. వెనకాల ప్లాస్టిక్ కుర్చీ చంకన పెట్టుకుని ప్రేమదాసు, ఆమె ఆగినచోటల్లా అది వేస్తూ, ఆమె కూర్చోనంటే మళ్ళీ ఎత్తుకుంటూ నడిచాడు.